తూముగట్టు హాల్టు, కొసరు

ఏప్రిల్ ఒకటో తేదీ నుంచి చిలకవల్లి–రాయుడుపేట ప్యాసింజరును పట్టాల మీద నుంచి తీసేసి కంప్యూటర్ ఆటలో నడుపుతున్నామని రైల్వేవారు స్టేషను గోడకు నోటీసు అంటించారు. ప్రయాణికులు ఎప్పటిలాగే పది నిమిషాలు ముందుగా రావాలనీ, టిక్కెట్టు విధిగా కొనాలనీ, ఆటలో బండి కదులుతుండగా ఎక్కడం, దిగడం నేరమనీ కింద రాశారు. ఊరివాళ్ళు నోటీసు చదివి, వేళలు మారలేదని చూసుకుని, ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు.

ఏర్పాటు సులువైనదే. రెండో తరగతి వెయిటింగ్ హాల్లో గోడంత తెర కట్టారు. తెర ముందు బల్ల మీద మీటలు పెట్టి, పాత డ్రైవర్నే కూర్చోబెట్టారు. ప్రయాణికులు బెంచీల మీద కూర్చుంటారు. తెర మీద బండి ఏ స్టేషన్లో ఆగితే, పడమటి తలుపు ఆ స్టేషనులోకి తెరుచుకుంటుంది. ఏళ్ళ తరబడి మేకులు కొట్టి ఉన్న తలుపు అది. ఇదెలా జరుగుతుందని ఎవరూ అడగలేదు. ఇనుప పెట్టెలో కూర్చుంటే రాయుడుపేట ఎలా వచ్చేదో కూడా ఇదివరకు ఎవరూ అడిగి ఉండలేదు.

చిక్కు ఒకటే వచ్చింది. మూల ఆటలో చిలకవల్లి యార్డు తప్ప మరేమీ లేదు. మొదటి వారమంతా బండి ఆ యార్డులోనే ముందుకూ వెనక్కూ నడిచింది. పొద్దున ఏడూ పదికి ఎక్కినవాళ్ళు తొమ్మిదికి చిలకవల్లిలోనే దిగారు. కోర్టు పని మీద బయలుదేరినవాళ్ళు దిగి నాలుగు వైపులా చూసి, వాయిదా మళ్ళీ వాయిదా పడిందనుకుని ఇళ్ళకు పోయారు. మిగతావాళ్ళు గొడవ చేశారు. అప్పుడు స్టేషన్ మాస్టర్ దేవసహాయం రెండో నోటీసు అంటించాడు. మూల ఆటకు తోడుగా తొమ్మిది యాడ్-ఆన్ మార్గాలున్నాయి, ఊరికి ఒకటే మంజూరవుతుంది, అదేదో ఊరే తేల్చుకోవాలి అని దాని సారాంశం.

యాడ్-ఆన్ అంటే ఏమిటో ఊళ్ళో మొదట తేల్చి చెప్పింది తమలపాకుల పానకాలు.

"ఏముంది, కొసరు," అన్నాడు నోటీసు చదివి. "వంకాయలు కొన్నాక చేతిలో కరివేపాకు రెబ్బ పెట్టించుకోమూ? అదే ఇది. ఆట అసలు, దారి కొసరు."

అప్పటి నుంచి ఊరంతా ఆ మాటే వాడింది. కొన్నాళ్ళకు దేవసహాయం కూడా రిజిస్టర్లో అలాగే రాసుకున్నాడు.

కొసరు గురించి పానకాలుకు తెలియంది లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అతను రాయుడుపేట మార్కెట్లో ఆకు అమ్ముతున్నాడు. నాలుగు పెద్ద బుట్టలు అమ్మకానికి, అయిదోది చిన్నది కొసరుకి. అంచు చిరిగినవి, మచ్చపడినవి, బుట్ట అడుగున ఒత్తుకుని నలిగినవి ఆ చిన్నబుట్టలోకి వెళతాయి. కట్ట కొన్న మనిషి చెయ్యి చాపుతాడు, పానకాలు కింది బుట్టలోకి చూడకుండానే చెయ్యి పెట్టి నాలుగాకులు తీసి ఇస్తాడు, ఆ మనిషి కూడా చూడకుండానే సంచీలో వేసుకుంటాడు. అసలును తిప్పి తిప్పి చూస్తారు. కొసరును చూడరు. పానకాలు వ్యాపారం నిలబడిందంటే ఈ ఒక్క సంగతి గ్రహించడం వల్లనే.

ఆకు అతనిది కాదు, అక్క శేషారత్నానిది. ఆమె తోట తూముగట్టులో ఉంది. తూముగట్టుకు రోడ్డు లేదు. ఒక వైపు కాలువ, ఇంకో వైపు నీళ్ళు నిలిచే బాడవ, మధ్యలో నలభై ఇళ్ళు, ఒక హాల్టు. పొద్దున్నే తడి గోనె కప్పిన బుట్టలతో ఆమె హాల్టు మీద నిలబడి ఉండేది. ఏడూ ముప్ఫై ఒకటికి బండి వచ్చి ఒక్క నిమిషం ఆగేది. ఆ నిమిషంలో బుట్టలూ, ఆమే ఎక్కేవాళ్ళు. అక్కడి నుంచి రాయుడుపేట దాకా అక్కా తమ్ముళ్ళు ఎదురెదురుగా కూర్చుని ఆకు ఏరుకునేవాళ్ళు. మంచివి ఇటు, కొసరువి అటు. ఏరుతూ ఉన్న సంగతులన్నీ మాట్లాడుకునేవాళ్ళు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో వాళ్ళు కలుసుకున్నదంతా ఆ బండిలోనే. ఒకరి ఇంటికి ఒకరు వెళ్ళాల్సిన అవసరం పడలేదు.

కాబట్టి పానకాలుకు కావలసింది ఒకటే. కొత్త దారిలో బండి తూముగట్టులో ఒక్క నిమిషం ఆగాలి.

మార్గాల ఎంపికకు గూడ్సు షెడ్డులో సభ పెట్టారు. డివిజన్ ఆఫీసు నుంచి మార్గాల అధికారిణి చంద్రకళ వచ్చి తొమ్మిదింటినీ తెర మీద చూపించింది. ఎడారి మార్గం ఎండ చూసి ఎవరూ చెయ్యెత్తలేదు. సొరంగాల మార్గంలో గంటన్నర చీకటి తప్ప ఏమీ కనబడలేదు, దానికి మాత్రం పేకాట బృందం నుంచి కొంత మద్దతు వచ్చింది. ఒక విదేశీ మార్గంలో బండి సెకను తేడా లేకుండా నడుస్తుందని చెప్పగానే, పరిగెత్తుకుంటూ వచ్చి ఎక్కే ఉద్యోగులంతా ఒక్క గొంతుతో వద్దన్నారు. చివరికి రెండు మిగిలాయి. ఒకటి మంచుకొండల మార్గం. రెండోది కోస్తా మైదాన మార్గం, చిలకవల్లి నుంచి రాయుడుపేటకి, మధ్యలో ఆగదు.

మంచుకొండల పక్షాన రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు సుబ్బారాయుడు లేచాడు.

"జీవితమంతా ఈ దుమ్మే చూశాం. పోయేలోపు మంచు చూద్దామయ్యా. ఏం పోయింది?"

"ఆ మంచుబండి చివరాకరికి ఎక్కడ దించుద్ది మాస్టారూ?" అన్నాడు పానకాలు.

"ఏదో ఊరుంది. పేరు నోరు తిరగట్లేదు."

"నోరు తిరగని ఊళ్ళో తమలపాకు ఎవడు నముల్తాడండీ? సరే, నా సంగతి వదిలెయ్యండి. మీకు బీపీ బిళ్ళలు అక్కడెవరిస్తారు? మన రాయుడుపేట డాక్టరు చీటీ ఆ భాషలో చదివే నాథుడెవరు?"

"స్వెట్టర్ కొనుక్కుంటాలే."

"నేను బిళ్ళలడిగితే మీరు స్వెట్టరంటారు. కొనండి. ఏప్రిల్ నెలలో స్వెట్టరేసుకుని స్టేషనుకి నడవండి. ఏడూ పదికి బండి, ఏడింటికి మీకు వడదెబ్బ. బండి ఒక దిక్కు, మీరొక దిక్కు."

షెడ్డంతా నవ్వింది. మాస్టారు కూడా నవ్వి కూర్చున్నాడు. నవ్వినవాణ్ణి మళ్ళీ లేవనివ్వకూడదని పానకాలుకు తెలుసు కనుక వెంటనే చేతులెత్తించాడు. మంచుకు నలభై ఒకటి, మైదానానికి నూట పన్నెండు వచ్చాయి.

చంద్రకళ ఫారం నింపుతుండగా పానకాలు ఆమె బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. అతని ముఖం బేరం కుదిరాక చెయ్యి చాపే మనిషి ముఖంలా ఉంది.

"అమ్మా, ఇంతమందిని ఒప్పించి మీ సరుకు అమ్మిపెట్టాను. నాకో కొసరు పడేయండి."

"ఏం కావాలండీ?"

"తూముగట్టు హాల్టు. ఎంతోకాదు, పలకంత ప్లాట్‌ఫారం, ఒక రేకుల షెడ్డు, మా అక్క."

చంద్రకళ కొంచెంసేపు ఆలోచించింది. మార్గాలు తయారు చేసేవాళ్ళకు ఫోన్ చేసి రెండు ముక్కలు మాట్లాడింది.

"కొసరుగా అంటే ఇస్తామంటున్నారు. కొసరుగానే కదా?"

"కొసరుగానే," అన్నాడు పానకాలు. అడిగి తీసుకున్న కొసరంత తీపి మరేదీ ఉండదు. ఆమె ఫారంలో, తూముగట్టు హాల్టుకు ఎదురుగా, ఆ మాటే రాసింది. అతను సంతకం పెట్టాడు.

రెండు వారాల్లో మార్గం వచ్చింది. మొదటి రోజు హాలు నిండిపోయింది. పానకాలు ఖాళీ బుట్టలు ఒళ్ళో పెట్టుకుని పడమటి తలుపు పక్కనే కూర్చున్నాడు. తెర మీద చిలకవల్లి గేటు, చెరకు తోటలు, ఇటుకల బట్టీ అన్నీ ఉన్నవి ఉన్నట్టు వచ్చాయి. ఏడూ ముప్ఫైకి కాలువ వంతెన, ముప్ఫై ఒకటికి తూముగట్టు. రేకుల షెడ్డు మీద తుప్పు మరక కూడా వదలకుండా దింపారు. షెడ్డు కింద శేషారత్నం ఎర్రంచు చీరలో బుట్టలు పక్కన పెట్టుకుని నిలబడి ఉంది. పానకాలు లేచి తలుపు గడియ మీద చెయ్యి వేశాడు. శేషారత్నం చెయ్యి ఊపింది. ఆమె వెనకున్న పదిహేడు మందీ చేతులు ఊపారు. బండి వెళ్ళిపోయింది.

"అబ్బ, ఎంత ముచ్చటగా టాటా చెప్తన్నారో," అన్నాడు సుబ్బారాయుడు. హాల్లో చాలామంది తిరిగి చెయ్యి ఊపారు. పానకాలు చెయ్యి గడియ మీదే ఉంది.

మరుసటి రోజూ ఆగలేదు. మూడో రోజు అతను దేవసహాయం గదిలోకి వెళ్ళాడు.

"బండి ఆగట్లేదేందండీ?"

"ఏ బండి?"

"మన బండే. తూముగట్టులో."

"ఎందుకాగిద్ది పానకాలూ? అది కొసరు కదా." దేవసహాయం ఫారం తీసి చూపించాడు. "ఆగే స్టేషను అసలు కింద వచ్చిద్ది. కొసరు దృశ్యం కింద వచ్చిద్ది. నువ్వే సంతకం పెట్టావుగా."

"దృశ్యమంటే?"

"చూడ్డానికి. అక్కడివాళ్ళంతా ఇప్పుడు దృశ్యంలో ఉద్యోగులు. గుర్తింపు కార్డులు కూడా పంపాం. బండి వచ్చినప్పుడు చెయ్యి ఊపాలి, అంతకన్నా పనేం లేదు. అదృష్టవంతులు."

పానకాలు ఫారం చదివాడు. తిప్పి చూశాడు. మొదటిసారి ఒక కొసరును తిప్పి చూడటం అతనికే కొత్తగా ఉంది. అందులో మోసం ఏమీ లేదు. అడిగింది ఇచ్చారు. ఎక్కడి నుంచి తీసి ఇచ్చారన్నది అతనికి అర్థమైంది. అతను కూడా అక్కడి నుంచే తీసి ఇస్తాడు.

అయినా వదల్లేదు. అర్జీ పెట్టాడు. నెల తిరిగాక చంద్రకళ మళ్ళీ వచ్చింది, అర్జీ కాగితం చేతిలోనే పట్టుకుని.

"కొసరును అసలులోకి మార్చడానికి అవకాశం ఉందండీ," అంది. "మార్చమంటారా?"

"మార్చండమ్మా. మీ పిల్లాపాపలు సల్లగుండాలి."

"అయితే ఈ రకం మార్గానికి ఆగే చోట్లు రెండే. తూముగట్టు ఆగే చోటైతే, ఉన్న రెంటిలో ఒకటి కొసరులోకి పోవాలి. రాయుడుపేట తీయలేం, దారికి చివర ఉండాలి కదా. కాబట్టి చిలకవల్లి."

"పోవటమంటే..."

"బండి తూముగట్టులో మొదలవుతుంది. చిలకవల్లి వెనకాల దూరంగా కనబడుతుంది. అక్కడివాళ్ళు చేతులు ఊపుతారు. రెండు చోట్ల సంతకం చేయాలి, ఇక్కడా, ఇక్కడా."

పానకాలు కలం పట్టుకుని తూకం వేశాడు. తక్కెట్లో ఇటు చిలకవల్లి, ఆరువేల రెండువందల మంది, ఒక హైస్కూలు, రెండు రైసు మిల్లులు. అటు తూముగట్టు, నలభై ఇళ్ళు. నలభైలో తన లెక్కకు వచ్చేది ఒక్క ఇల్లు, ఆ ఇంట్లో ఒక్క మనిషి. ఎవడు తూచినా ముల్లు ఒకే వైపు మొగ్గుతుంది. తన ఇల్లు కూడా చిలకవల్లి వైపే ఉందని అతను గమనించాడు. న్యాయంగా తూచాలంటే దాన్ని పక్కకు తీసి పెట్టాలి. తీయకుండానే కలం కింద పెట్టేశాడు.

"ఆలోచించుకోండి," అంది చంద్రకళ.

"ఆలోచించాను తల్లీ. ఉండనీయండి."

ఆదివారం నాడు ఆట సెలవు. పానకాలు కాలువగట్టున పదకొండు కిలోమీటర్లు నడిచి, ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిసారి తూముగట్టు వెళ్ళాడు. శేషారత్నం వాకిట్లో కూర్చుని మజ్జిగ చిలుకుతోంది.

"ఎవర్రా అది, మా పానకాలే? కాళ్ళున్నాయంట్రా నీకు? బండిలో కూసోటానికే పుట్టావనుకున్నా."

"ఉన్నయ్యిలే అక్కా. వాచిపోయినయ్యి."

"కూసో. మజ్జిగ తాగు. ఇంతలావయ్యావేంది? కిటికీలో సన్నంగా అగపడతావు."

"నేనగపడతానా నీకు?"

"ఎందుకగపడవు? బుట్టలు ఒళ్ళో పెట్టుకుని బెల్లం కొట్టిన రాయల్లే కూసునుంటావు. ఊరోళ్ళందరూ చెయ్యూపుతారు, నువ్వూపవు. ఏం, అక్కంటే నామోషీనా?"

అతను మజ్జిగ తాగాడు. ఆమె తోట చూపించడానికి తీసుకెళ్ళింది. అవిసె చెట్ల మీదికి పాకిన తీగలు ఎప్పుడూ లేనంత పచ్చగా ఉన్నాయి. ఒక్క ఆకుకు మచ్చ లేదు. పానకాలు ఒకటి తుంచబోయాడు. రాలేదు. రెండు చేతులతో లాగాడు. తీగ కదిలింది కాని ఆకు ఊడలేదు.

"రాదురా. మంచివీ రావు, కొసరువీ రావు. దృశ్యంలోయి కోయకూడదంట. వాడిపోవటం మటుకు లేదు. నీళ్ళు కూడా అడగట్లా."

"మరి నీకు పొద్దెట్టా పోతంది?"

"చెయ్యుందిగా," అంది శేషారత్నం. "ఏడూ ముప్ఫై ఒకటికి దానంతటదే లేచిద్ది. మొదట్లో హాల్టు దాకా పోయేదాన్ని. ఇప్పుడు ఎక్కడుంటే అక్కడే లేస్తంది. నిన్న పచ్చడి కలుపుతా ఉంటే లేచింది, గోడంతా చింతపండే."

ఆమె నవ్వింది. పానకాలు కూడా నవ్వాడు. తర్వాత అడిగాడు.

"మీ పద్దెనిమిది మందీ ఒకేమాదిరి ఊపుతారేంది?"

"నా చెయ్యే అందరికీ పెట్టారు. దారి తయారుచేసేవాళ్ళు ఫోటోలు తీసుకోటానికి వచ్చిన రోజున నేనొక్కదాన్నే బయటున్నా. పాపం ఎండన పడి వచ్చారే అని, మజ్జిగ తాగిపోదురు రండయ్యా అని చెయ్యూపి పిలిచా. అదే పట్టుకుపోయారు."

ఆమె అరచెయ్యి కిందికి పెట్టి, వేళ్ళు తన వైపుకు ఆడించి చూపింది. మన వైపుల ఎవరినైనా పిలిస్తే అలాగే పిలుస్తారు. దూరం నుంచి, అందులోనూ కదిలే బండిలోంచి చూస్తే, పోయిరమ్మన్నట్టే ఉంటుంది.

"అయితే నువ్వు టాటా చెప్పట్లేదా?"

"టాటా ఎందుకు చెప్తానురా? ఆగమంటన్నా."

బాడవలో ఒక కొంగ ఉన్నచోటనే రెక్కలు విప్పి, ముడిచి, మళ్ళీ విప్పింది. దానికి కూడా కార్డు ఇచ్చి ఉంటారు.

"మార్పించమని అడిగావంట్రా?" అంది శేషారత్నం.

"అడిగా. కుదర్లా."

"కుదర్లేదా, నువ్వు ఒప్పుకోలేదా?"

పానకాలు వాచిన కాళ్ళ వంక చూసుకున్నాడు.

"సర్లే," అంది ఆమె. "ఇన్నేళ్ళూ కొసరుబుట్ట నేనూ ఏరానుగా. ఏది అందులోకి పోయిద్దో నాకు తెలవదా? పొద్దుబోతంది, బయల్దేరు. గట్టు మీద పాములుంటయ్యి."

మర్నాడు పానకాలు చిలకవల్లి తోటల ఆకు బుట్టల్లో సర్దుకుని బండి ఎక్కాడు. ఆ ఆకు మందం, కాస్త కారం. కొనేవాళ్ళు అలవాటు పడ్డారు. ఏడూ ముప్ఫై ఒకటికి తూముగట్టు వచ్చింది. పద్దెనిమిది చేతులు లేచి, అరచేతులు కిందికి వంచి, రండి రండి అన్నాయి. హాలంతా టాటా చెప్పింది. పానకాలు ఒళ్ళోని బుట్టలు కింద పెట్టి, తలుపు గడియ వంక చూడకుండా, చెయ్యెత్తి ఊపాడు.

"ఇన్నాళ్ళకి సరదా పుట్టిందయ్యా నీకు," అన్నాడు సుబ్బారాయుడు. "మంచు మార్గంలో ఇట్టాంటి మనుషులు ఉండేవాళ్ళు కాదు. నువ్వన్నదే రైటు."

"మంచి దృశ్యమండీ," అన్నాడు పానకాలు.

ఆ రోజు రాయుడుపేట మార్కెట్లో ఒక పెళ్ళివారు వచ్చి, కట్ట విప్పించి, ఒక్కొక్క ఆకూ వెలుగుకు పట్టి, ఈనె చూసి, అంచు చూసి ఇరవై కట్టలు తీసుకున్నారు. అంతా అయ్యాక పెళ్ళిపెద్ద చెయ్యి చాపాడు.

"కొసరో?"

పానకాలు చెయ్యి కింది బుట్ట వైపు వెళ్ళింది. ఒక్క క్షణం గాలిలో ఆగింది. తర్వాత బుట్టలోకి దిగి, చూడకుండానే నాలుగాకులు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కూడా చూడకుండానే సంచీలో వేసుకుని వెళ్ళిపోయాడు.